గట్టు మీద నుంచి లార్జ్‌మౌత్ బాస్ వేట: రాడ్డు, లైను, ఎరల ఎంపిక మొదలు చేపను వదిలే వరకు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఉంటున్న కాలనీల వెనుక చిన్న చిన్న చెరువులు కనిపిస్తాయి. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు గట్టు పక్కన చేపపిల్లలు ఒక్కసారిగా చెల్లాచెదురై నీటిపైకి ఎగరడం, వాటి వెనకే నీరు బుడుంగుమని సుడి తిరగడం మీరు గమనించి ఉంటే, లార్జ్‌మౌత్ బాస్ వేటాడుతుండగా చూసినట్టే. ఉత్తర టెక్సస్‌లో పడవ లేకుండా, గట్టు మీద నిలబడి ఈ చేపను పట్టాలనుకునే తెలుగువారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా ముందు దుకాణానికి వెళ్లి, చేతికి నచ్చిన రాడ్డు కొని, రంగురంగుల ఎరలతో పెట్టె నింపుకొని, ఆ తరువాత నీటి దగ్గరకు వస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. చేప ఎక్కడ నిలిచి ఉందో ముందు తెలియాలి. ఆ చోటికి ఏ ఎర చిక్కుకోకుండా చేరగలదో దాన్ని బట్టి తేలుతుంది. ఆ ఎర బరువును బట్టి లైను, లైనును బట్టి రాడ్డు, చివరగా రీలు నిర్ణయమవుతాయి. ఈ క్రమం పాటిస్తే మొదటి ఏడాదికి ఒక రాడ్డు, ఒక రీలు, గుప్పెడు ఎరలు చాలు.

చేప స్వభావం

పేరులో బాస్ ఉన్నా ఇది సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే పండుగప్పను సీబాస్ అని కూడా పిలుస్తారు కాబట్టి రెండూ దగ్గరి బంధువులని కొందరు పొరబడతారు. నిజానికి ఆ రెండింటికీ అలాంటి సంబంధం లేదు. నోరు మూసి ఉన్నప్పుడు పైదవడ చివర కంటి వెనుక అంచును దాటి పోతే అది లార్జ్‌మౌత్ బాస్. ఆకుపచ్చని ఒంటి మీద పక్కగా నల్లని మచ్చలు కలిసిన అడ్డపట్టీ ఉంటుంది.

మన చెరువుల్లో కొరమీను ఎలా వేటాడుతుందో తెలిసినవారికి బాస్ స్వభావం సగం తెలిసినట్టే. రెండూ తరిమి తరిమి వేటాడే రకం కావు. నాచు పక్కన, మొద్దు నీడన కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చిన దాన్ని ఒక్క ఉదుటున మింగుతాయి. రెండూ తమ పిల్లలకు కాపలా కాస్తాయి. టెక్సస్‌లో బాస్ ముఖ్యంగా తినేవి షాడ్ అనే వెండి రంగు చిన్న చేపలు, బ్లూగిల్ చేపలు, రొయ్యకు దగ్గరగా ఉండే క్రాఫిష్‌లు. కంటితో చూసి వేటాడడమే దీనికి ప్రధానమైనా, బురద నీటిలో కూడా ఒంటి పక్కన ఉన్న పార్శ్వరేఖ ద్వారా నీటి కదలికను పసిగడుతుంది. అందుకే నీరు తేటగా ఉన్నప్పుడు సహజమైన రంగూ, కలకబారినప్పుడు గట్టి అదురూ ఉన్న ఎరను ఎంచుకోవాలి.

ముందుగా లైసెన్సు

టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారికి రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. వార్షిక లైసెన్సు మామూలుగా ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి జులైలో కొనేవారు ఆ సంగతి చూసుకోవాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా గాలం పట్టుకుంటామంటే వారికి ఒక్కరోజు లైసెన్సు తీసుకోవచ్చు. అంతకన్నా సులువైన మార్గం మరొకటి ఉంది: రాష్ట్ర పార్కు లోపల గట్టు మీద నుంచి గానీ, అక్కడి చెక్క వంతెనల మీద నుంచి గానీ వేటాడడానికి లైసెన్సే అవసరం లేదు. డాలస్ వారికి దగ్గరలో జో పూల్ సరస్సు ఒడ్డున సీడర్ హిల్ పార్కు, ఉత్తరాన రే రాబర్ట్స్ సరస్సు పార్కు ఉన్నాయి. రాడ్డు, రీలు ఉచితంగా అరువిచ్చే ఏర్పాటు చాలా రాష్ట్ర పార్కుల్లో ఉంది. వెళ్లే ముందు ఫోను చేసి అడిగితే, కొనకుండానే ఒకరోజు ప్రయత్నించి చూడవచ్చు.

రాష్ట్రమంతటికీ వర్తించే సాధారణ నియమం ప్రకారం 14 అంగుళాలకన్నా చిన్న లార్జ్‌మౌత్ బాస్‌ను ఉంచుకోకూడదు, రోజుకు 5 చేపలకు మించి తీసుకోకూడదు. కొన్ని సరస్సులకు వేరే నియమాలు ఉంటాయి. ఉదాహరణకు లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాలకు పైగా, 24 అంగుళాలకు లోపుగా ఉన్న బాస్‌ను తప్పనిసరిగా వదిలేయాలి. కాలనీ చెరువుల్లో సొంత నిబంధనలు ఉండవచ్చు. పట్టిన చేపను వదిలేయాలని గట్టున బోర్డు ఉంటే దాన్ని చట్టమంత గౌరవంగా పాటించాలి. వెళ్లబోయే సరస్సు నియమాలను శాఖ వారి వెబ్‌సైటులో ఆ ఏటికి ఆ ఏడు చూసుకోవడం మంచిది.

చేప నిలిచే చోటు

టెక్సస్‌లోని పెద్ద సరస్సులు దాదాపు అన్నీ వాగులకు, నదులకు ఆనకట్టలు కట్టి నింపినవే. నీటి అడుగున పాత వాగు దారి, మునిగిపోయిన రోడ్లు, చెట్ల మొద్దులు అలాగే ఉంటాయి. డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ ఆనకట్ట 1980లో పూర్తయింది. అక్కడ చెట్లను చాలావరకు నరకకుండానే నీరు నింపారు. పెద్ద బాస్‌లకు ఆ సరస్సు పేరు పొందడానికి ఆ మునిగిన అడవి ఒక కారణం, అందులో వదిలిన ఫ్లారిడా జాతి బాస్ మరొక కారణం. 1992 జనవరిలో అక్కడ పట్టిన 18.18 పౌండ్ల చేప పేరిటే టెక్సస్ రాష్ట్ర రికార్డు నమోదైంది.

గట్టు మీద నిలబడేవారికి అంత దూరపు లోతులు అందవు గానీ, అందే చోట్లు తక్కువేమీ కావు. కట్టకు పేర్చిన రాళ్లు, నీటిలోకి ఒరిగిన చెట్టు, తుంగ దుబ్బుల అంచు, చెక్క వంతెన నీడ, వాన నీరు వచ్చి కలిసే కల్వర్టు నోరు, గట్టు మొనలా ముందుకు పొడుచుకు వచ్చిన చోటు అన్నీ బాస్ పొంచి ఉండే స్థలాలే. వీటిలో ఏ రెండైనా కలిసే చోటు మరీ మంచిది. తుంగ అంచున ఒక మొద్దు పడి ఉంటే ముందు దాని పక్కనే ఎర వేయాలి. గాలి ఎటు వీస్తే ఆ వైపు గట్టుకు సూక్ష్మజీవులు కొట్టుకొస్తాయి. వాటి కోసం షాడ్ చేపలు, షాడ్ కోసం బాస్ వస్తాయి. అందుకే ఎదురుగాలి మొహాన కొడుతున్నా ఆ గట్టునే ఎంచుకోవాలి.

కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. నేరుగా నీటి అంచుకు వెళ్లి, శక్తి కొద్దీ చెరువు మధ్యకు ఎర విసురుతారు. ఉదయం పూట బాస్ గట్టుకు 3 అడుగుల దూరంలోనే ఉండవచ్చు. మన అడుగుల అదురుకు, నీడకు అది ముందే వెళ్లిపోతుంది. అంచుకు పది అడుగుల వెనుకే ఆగి, మొదటి రెండు మూడు విసుర్లు గట్టు వెంబడే సమాంతరంగా వేసి, ఆ తరువాత అంచుకు వెళ్లి విసనకర్ర విప్పినట్టు ఎడమ నుంచి కుడికి నీటిని జల్లెడ పట్టాలి. ఏ మార్పూ లేకుండా పది విసుర్లు ఖాళీగా వస్తే ఇరవై అడుగులు పక్కకు జరగాలి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మీది తళుకు తగ్గి, అడుగున ఉన్న మొద్దులు, కొన్నిసార్లు చేపలు కూడా కనిపిస్తాయి. ఎగిరివచ్చే గాలం నుంచి కంటికి రక్షణ కూడా అవే.

రాడ్డు ఎంపిక

రాడ్డు మీద, పిడికి కొంచెం పైన, చిన్న అక్షరాలతో ఐదు వివరాలు రాసి ఉంటాయి: పొడవు, పవర్, యాక్షన్, ఎర బరువు, లైను బలం. వీటిలో పవర్, యాక్షన్ అనే రెండింటిని చాలామంది ఒకటిగా భావిస్తారు. రాడ్డు వంగడానికి ఎంత బలం కావాలో చెప్పేది పవర్. ఎక్కడి నుంచి వంగుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ యాక్షన్ రాడ్డు కొన దగ్గరే వంగి, మిగతా భాగం బిగువుగా ఉంటుంది. మోడరేట్ యాక్షన్ రాడ్డు నడుము దాకా విల్లులా వంగుతుంది. దుకాణంలో కొనను సీలింగుకు నెమ్మదిగా ఆనించి చూసి ఇది నిర్ధారించుకోవాలని కొందరు చెబుతారు గానీ, అలా చేస్తే కొన విరిగే ప్రమాదం ఉంది. తోడు వచ్చిన వారిని కొనకు కాస్త కింద పట్టుకొని మెల్లగా లాగమంటే చాలు.

ఒకే ఒక్క రాడ్డు కొనేవారికి నేను చెప్పేది 7 అడుగుల పొడవు, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ ఉన్న స్పిన్నింగ్ రాడ్డు, అంటే రీలు కింద వేలాడే రకం. దాని మీద ఎర బరువు సుమారు 1/8 నుంచి 1/2 ఔన్సు వరకు, లైను 6 నుంచి 12 పౌండ్ల వరకు అని రాసి ఉంటే గట్టు మీది పనికి సరిగ్గా సరిపోతుంది. పొడవు తగ్గితే విసురు దూరం తగ్గుతుంది, మరీ పెరిగితే వెనుక చెట్ల కొమ్మలకు తగులుతుంది. ఇద్దరు పిల్లలతో కారులో వెళ్లేవారు రెండు ముక్కలుగా విడిపోయే రాడ్డు తీసుకోవడంలో తప్పేమీ లేదు.

రాడ్డు దేనితో తయారైందన్నది కూడా ముఖ్యమే. గ్రాఫైట్ తేలిక, అడుగున ఎర రాయికి తగిలినా చేతికి తెలుస్తుంది, కానీ కారు తలుపులో పడితే పుటుక్కున విరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ బరువు, మెత్తన, మొండి. అడుగున పాకించే ఎరలకు గ్రాఫైట్, ఈదించి లాగే ఎరలకు ఫైబర్‌గ్లాస్ లేదా రెండూ కలిపినది నప్పుతాయి. గ్రాఫైట్ రాడ్డు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. టెక్సస్ వసంతకాలంలో ఉరుము వినిపించిన వెంటనే రాడ్డు దించి, గట్టు వదిలి కారులోకి వెళ్లిపోవాలి.

రెండో రాడ్డు అవసరం వచ్చినప్పుడు, అంటే తుంగలో, మొద్దుల్లో బరువైన ఎరలు వేయాలనుకున్నప్పుడు, 7 అడుగుల మీడియం హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్డు, అంటే రీలు పైన కూర్చునే రకం, తీసుకోవచ్చు. దాని సంగతి రీలుతో కలిపి చెబుతాను.

రీలు, లైను

స్పిన్నింగ్ రీలు 2500 లేదా 3000 సైజుది సరిపోతుంది. లైను చుట్టేటప్పుడు స్పూలు (లైను చుట్టుకునే కండె) అంచుకు సుమారు 1/8 అంగుళం ఖాళీ వదలాలి. ఎక్కువ నింపితే లైను ఉండలు ఉండలుగా ఊడి వస్తుంది, తక్కువైతే ఎర దూరం పోదు. విసిరిన ప్రతిసారీ, లైనును స్పూలు మీదికి మళ్లించే వంపు తీగను చేత్తోనే మూసే అలవాటు చేసుకుంటే లైను మెలికలు పడడం చాలా తగ్గుతుంది.

డ్రాగ్ అంటే చేప బలంగా లాగినప్పుడు లైను తెగకుండా కొంత జారనిచ్చే బిగింపు. దీన్ని లైను బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంచాలి. 10 పౌండ్ల లైను అయితే, మూడు పౌండ్ల దగ్గర లాగినప్పుడు రీలు కిర్రుమంటూ లైను వదలాలి. కొలిచే సాధనం లేకపోతే చేత్తో గట్టిగా లాగి చూడవచ్చు.

లైనులో మూడు రకాలు ఉన్నాయి. నైలాన్ మోనో చవక, సాగుతుంది, ముడి సులువుగా నిలుస్తుంది. మొదటి నెలకు ఇదే మంచిది. ఫ్లోరోకార్బన్ నీటిలో మునుగుతుంది, చేప కంటికి తక్కువగా ఆనుతుంది, రాపిడికి ఓర్చుకుంటుంది, కానీ కాస్త బిరుసు. అల్లిన లైను, అంటే బ్రెయిడ్, సాగదు. అదే బలానికి మిగతా రెండింటికన్నా చాలా సన్నగా ఉంటుంది. ఎరను చేప నోటితో తాకినా చేతికి చేరవేస్తుంది. నేను ఎక్కువగా వాడేది 15 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర ఐదారు అడుగుల 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్. బ్రెయిడ్ నునుపైన స్పూలు మీద మొత్తంగా జారిపోతుంది కాబట్టి ముందు కొన్ని చుట్లు మోనో వేసి, దాని మీద బ్రెయిడ్ చుట్టాలి.

బెయిట్‌కాస్టింగ్ రీలులో స్పూలే తిరుగుతుంది. ఎర నీటిని తాకి ఆగిన తరువాత కూడా స్పూలు తిరుగుతూ ఉంటే లైను లోపల పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. దీన్ని నివారించడానికి, ఎర కట్టి రాడ్డును అడ్డంగా పట్టుకొని మీట నొక్కాలి. ఎర నెమ్మదిగా కిందికి దిగి నేలను తాకగానే స్పూలు ఆగేంత వరకు పక్కనున్న మరను బిగించాలి. బ్రేకును గరిష్ఠంగా పెట్టి, 1/2 ఔన్సు బరువుతో మైదానంలో సాధన చేసి, బొటనవేలు స్పూలును తాకుతూ ఎర దిగే క్షణానికి ఆపడం అలవాటయ్యాక బ్రేకును కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ముడి

ఎన్నో ముళ్లు ఉన్నా పాలోమార్ ముడి ఒక్కటి బాగా వస్తే చాలు. లైను చివర ఆరు అంగుళాలు మడిచి, ఆ జంట లైనును గాలం బెజ్జంలోంచి దూర్చాలి. అవతల వచ్చిన ఉచ్చుతో, బెజ్జానికి పైన ఉన్న జంట లైను చుట్టూ మామూలు ముడి ఒకటి వదులుగా వేయాలి. ఇప్పుడు ఆ ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దాటించి, ఉచ్చును బెజ్జం పైకి జరపాలి. చివరగా ముడిని ఉమ్మితో తడిపి, రెండు కొసలనూ నిదానంగా లాగి బిగించి, మిగిలిన కొసను కత్తిరించాలి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్, ఫ్లోరోకార్బన్ బలహీనపడతాయి.

మొద్దుకు, రాయికి రాసుకున్న ప్రతిసారీ చివరి రెండడుగుల లైనును వేళ్ల మధ్య జార్చి చూడాలి. గరుకుగా తగిలితే అక్కడి వరకు కోసి మళ్లీ కట్టాలి. ఒక మార్చి ఉదయం రాళ్ల కట్ట దగ్గర ఇది చేయడానికి బద్ధకించాను. ఆ తరువాతి విసురులోనే తగిలిన చేప ఒకసారి నీటి మీదికి ఎగిరి తల విదిలించేసరికి లైను తెగింది. నోట్లో గాలంతో వెళ్లిపోయిన ఆ చేప నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండు నిమిషాల పని అది.

టెక్సస్ రిగ్: మొదట నేర్వవలసిన పద్ధతి

మెత్తని ప్లాస్టిక్ వానపామును నిక్ క్రీమ్ అనే వ్యక్తి 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో తయారు చేశారు. దానిలో గాలం మొనను దాచి, నాచులో, మొద్దుల్లో చిక్కుకోకుండా పాకించే పద్ధతికి టెక్సస్ రిగ్ అని పేరు. గట్టు మీది వారికి ఇంతకన్నా ఉపయోగపడే పద్ధతి మరొకటి లేదని నమ్ముతాను.

కావలసినవి మూడే: 3/0 సైజు ఆఫ్‌సెట్ గాలం (మెడ దగ్గర అదనపు వంపు ఉన్నది), తూటా ఆకారంలో ఉన్న 3/16 ఔన్సు బరువు, 6 లేదా 7 అంగుళాల ప్లాస్టిక్ పురుగు. బరువు టంగ్‌స్టన్‌ది అయితే మంచిది. సీసం కన్నా టంగ్‌స్టన్ చాలా సాంద్రమైనది కాబట్టి అదే బరువు చిన్నగా ఉండి, అడుగున గులకరాళ్లా, బురదా అన్నది చేతికి స్పష్టంగా తెలుపుతుంది. ఖర్చు ఎక్కువనుకుంటే సీసపు దానితో మొదలుపెట్టవచ్చు.

ముందు బరువును, సన్నని మొన రాడ్డు వైపు ఉండేలా లైనులోకి ఎక్కించి, ఆ తరువాత గాలం కట్టాలి. పురుగు తల మధ్యలో గాలం మొనను గుచ్చి, పావు అంగుళం లోపలికి పోనిచ్చి, పక్క నుంచి బయటకు తీయాలి. గాలం మెడ దగ్గరున్న వంపు తల లోపల కూర్చునే వరకు పురుగును పైకి జరిపి, గాలాన్ని సగం చుట్టు తిప్పితే మొన పురుగు ఒంటికి ఎదురుగా వస్తుంది. ఇప్పుడు గాలాన్ని పురుగు పక్కన వేలాడదీసి, వంపు ఒంటిని ఎక్కడ తాకుతుందో అక్కడ గోటితో చిన్న గుర్తు పెట్టాలి. ఆ గుర్తు దగ్గర పురుగును కొంచెం ముందుకు నెట్టి, మొనను ఒంట్లోంచి నేరుగా అవతలికి దాటించి, మొన అంచు మాత్రం పైపొర కింద దాగేలా చేయాలి. పురుగు సూటిగా, ముడత లేకుండా వేలాడాలి. ముడత ఉంటే నీటిలో గిరగిరా తిరిగి లైనును మెలిపెడుతుంది. అలా ఉంటే తీసి మళ్లీ గుచ్చాలి.

విసిరేటప్పుడు ఎరను రాడ్డు కొన నుంచి ఒక అడుగు కిందికి వదిలి, లైనును చూపుడు వేలితో పట్టుకొని తీగ తెరవాలి. రాడ్డును గడియారంలో రెండు గంటల చోటు దాకా వెనక్కి తీసుకెళ్లి, పది గంటల చోటు వరకు ముందుకు ఊపుతూ వేలు వదలాలి. ఎర తల మీదికి పైకి పోతే వేలు ముందే వదిలినట్టు, కాళ్ల ముందు పడితే ఆలస్యంగా వదిలినట్టు. విసిరే ముందు ప్రతిసారీ వెనుక ఎవరున్నారో చూడాలి. పిల్లలున్నప్పుడు ఇది మరింత ముఖ్యం.

ఎర నీటిలో పడ్డాక అసలు పని మొదలవుతుంది. చాలా చేపలు ఎర అడుగుకు దిగుతున్నప్పుడే అందుకుంటాయి. అందుచేత లైనును బిగించకుండా, మరీ వదిలేయకుండా, చూపును లైను నీటిలో మునిగే చోట నిలపాలి. అడుగు తాకగానే లైను వదులవుతుంది. అప్పుడు రాడ్డు కొనను తొమ్మిది గంటల చోటు నుంచి పదకొండు వరకు నిదానంగా ఎత్తి, దించుతూ వదులును చుట్టుకోవాలి. ఎరను లాగేది రాడ్డు. రీలు వదులును మాత్రమే తీసుకుంటుంది. ఇంత మెల్లగానా అనిపించేంత మెల్లగా చేయాలి.

రాయికి తగిలితే కటక్కుమని గట్టిగా, నాచుకు తగిలితే మెత్తగా సాగి వదిలినట్టుగా ఉంటుంది. బాస్ తీసుకున్నప్పుడు లైను మీద ఎవరో గోటితో ఒక్కసారి మీటినట్టు టక్కుమంటుంది. కొన్నిసార్లు అదీ ఉండదు. ఎర బరువు మాయమవుతుంది, లేదా లైను దానంతట అదే పక్కకు నడుస్తుంది. అలా అనిపించిన వెంటనే రాడ్డు దించి, వదులు చుట్టుకొని, బరువు తగలగానే రాడ్డును బలంగా పైకి ఎత్తాలి. మొన ప్లాస్టిక్‌ను చీల్చుకొని చేప నోటిలో దిగాలి కాబట్టి ఇక్కడ మొహమాటం పనికిరాదు. సందేహం వచ్చినా లాగి చూడాలి. లాగడానికి ఖర్చేమీ లేదు.

నీరు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్, వాటర్‌మెలన్ వంటి ఆకుపచ్చ ఛాయలు, వానల తరువాత ఎర్రగా కలకబారితే నలుపు, నీలం కలిసినది వాడాలి. రంగుల విషయంలో ఇంతకుమించి ఖర్చు పెట్టనవసరం లేదు.

పెట్టెలో ఉండవలసిన మరికొన్ని ఎరలు

బరువు లేకుండా, 5 అంగుళాల ప్లాస్టిక్ పురుగును సరిగ్గా నడుము దగ్గర 1/0 గాలానికి గుచ్చితే దాన్ని వాకీ రిగ్ అంటారు. అది రెండు కొసలూ అల్లాడిస్తూ నెమ్మదిగా మునుగుతుంది. కాలనీ చెరువుల్లో, జనం అలికిడికి బెదిరిన చేపలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పిల్లలతో మొదటి చేప పట్టించడానికి నేను ముందు కట్టేది ఇదే.

స్పిన్నర్‌బెయిట్‌కు తిరిగే రేకులు ఉంటాయి. గుండ్రని కొలరాడో రేకు నీటిని ఎక్కువగా కదిలిస్తుంది కాబట్టి బురద నీటికి, సన్నని విల్లో ఆకు రేకు మెరుపు ఎక్కువ కాబట్టి తేట నీటికి. 3/8 ఔన్సుది గాలి వీచే గట్టున విసిరి ఒకే వేగంతో లాగితే చాలు, ఎక్కువ నీటిని త్వరగా వెతకవచ్చు.

క్రాంక్‌బెయిట్ అంటే చిన్న చేప ఆకారంలో ఉన్న గట్టి ఎర. దాని ముక్కుకు ఉన్న పలక ఎంత పొడవుంటే అంత లోతుకు మునుగుతుంది. దీనికి మూడు మొనల చిన్న గాలాలు ఉంటాయి; బిగువైన రాడ్డుతో గట్టిగా లాగితే అవి చేప నోటి నుంచి ఊడివస్తాయి. అందుకే మోడరేట్ యాక్షన్ రాడ్డు కావాలి. రాయికో మొద్దుకో తగిలినప్పుడు ఒక్క క్షణం ఆపితే అది పైకి తేలి చిక్కు తప్పించుకుంటుంది, సరిగ్గా అప్పుడే బాస్ కొడుతుంది.

తామరాకులు, దట్టమైన నాచు మీదికి డొల్ల కప్ప ఎర వేయాలి. కొరమీను కోసం గాలానికి కప్పను కట్టిన వారికి దీని తర్కం వేరే చెప్పనవసరం లేదు. దీనికి మాత్రం 50 పౌండ్లకు తగ్గని బ్రెయిడ్, హెవీ పవర్ రాడ్డు తప్పనిసరి. నాచుతో సహా చేపను ఈడ్చుకు రావలసి ఉంటుంది. నీరు పగిలినట్టు శబ్దం రాగానే లాగకూడదు. కప్ప మునిగి, చేప బరువు చేతికి తెలిసిన తరువాతే లాగాలి. ఆ ఒక్క క్షణం ఆగడం ఈ వేటలో అన్నిటికన్నా కష్టం.

కాలాన్ని బట్టి

ఉత్తర టెక్సస్‌లో ఫిబ్రవరి చివర నీటి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతున్న కొద్దీ బాస్‌లు లోతుల నుంచి గట్టు వైపు కదులుతాయి. 60 నుంచి 65 డిగ్రీల మధ్య, అంటే సుమారు మార్చి, ఏప్రిల్ నెలల్లో, లోతులేని గట్టి నేల మీద మగచేప తోకతో ఊడ్చి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లాక మగచేపే కాపలా ఉంటుంది. గట్టు మీది వారికి ఏడాదిలో ఇదే ఉత్తమ కాలం. అయితే గూడు మీద ఉన్న చేపను పట్టి దూరంగా తీసుకెళ్తే బ్లూగిల్‌లు వచ్చి గుడ్లు తినేస్తాయి. పట్టినా వెంటనే అక్కడే వదలాలి.

జూన్ నుంచి నీరు వేడెక్కి పొరలుగా విడిపోతుంది. అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి మరీ లోతుకు వేయడం వృథా. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ నీటిపై తేలే ఎరలు, పగటిపూట నీడలో వాకీ రిగ్ నడపాలి. అక్టోబరులో షాడ్ గుంపులు వాగు పాయల్లోకి వస్తాయి. అప్పుడు స్పిన్నర్‌బెయిట్‌కు మించినది లేదు. చలికాలంలో చేప తక్కువ తింటుంది, తక్కువ కదులుతుంది. మధ్యాహ్నం ఎండ తగిలే రాళ్ల కట్ట పక్కన, ఎరను అంగుళం అంగుళంగా పాకించడం తప్ప మార్గం లేదు.

వేసవిలో గట్టు మీద కాలు పెట్టేముందు నేల చూసుకోవాలి. నిప్పుచీమల పుట్టలు ఎక్కువ. తుంగలో కాటన్‌మౌత్ అనే విషపు పాము ఉండవచ్చు. చెప్పులతో కాక, చీలమండలు కప్పే బూట్లతో వెళ్లాలి.

చేప చేతికి వచ్చాక

చేప ఎగరబోతున్నట్టు లైను పైకి లేస్తే రాడ్డు కొనను నీటి వైపు దించి, లైను బిగువుగా ఉంచాలి. వదులైన క్షణంలోనే అది గాలాన్ని విదిలిస్తుంది. గట్టు దగ్గరకు వచ్చాక చెయ్యి ముందు నీటిలో తడపాలి. పొడి చెయ్యి చేప ఒంటి మీది జిగురు పొరను తుడిచేస్తుంది, ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్షణ. బొటనవేలు నోటి లోపల, చూపుడు వేలు దవడ కింద ఉంచి కింది దవడను పట్టుకోవాలి. పళ్లు ఉప్పుకాగితంలా గరుకే తప్ప కోయవు. రెండు పౌండ్లకు మించిన చేపను దవడతో అడ్డంగా వంచి పట్టుకోకూడదు, దవడ కీలు దెబ్బతింటుంది. రెండో చెయ్యి పొట్ట కింద ఆనించాలి. వేడి గట్టు మీద, గడ్డి మీద పడుకోబెట్టకూడదు.

పొడవు ముక్కు శ్రావణంతో గాలాన్ని, దిగిన దారినే వెనక్కి తిప్పుతూ తీయాలి. గొంతులో లోతుగా దిగి ఉంటే పీకి మొప్పలు చీల్చడం కన్నా, లైనును దగ్గరగా కత్తిరించి వదిలేయడం మేలు. ఫోటో తీయడానికి ముందే ఫోను సిద్ధంగా ఉంచుకొని, మీరు ఊపిరి బిగబట్టగలిగినంత సేపే చేపను పైన ఉంచాలి. వదిలేటప్పుడు విసరకుండా, నీటిలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకొని, అది తనంతట తాను తోక ఆడించి వెళ్లే వరకు ఆగాలి.

నియమాలు అనుమతించిన చోట కొలతకు సరిపోయిన చేప ఒకటో రెండో ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవడంలో తప్పు లేదు. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది. కొన్ని సరస్సుల చేపలలో పాదరసం గురించి రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఉన్నాయి, క్యాడో సరస్సు వాటిలో ఒకటి. ముందు ఆ జాబితా చూడాలి. ఐదు పౌండ్లు దాటిన బాస్ దాదాపు ఎప్పుడూ ఆడచేపే, అంత పెరగడానికి దానికి ఏళ్లు పట్టి ఉంటుంది. దాన్ని మాత్రం కొలిచి, ఫోటో తీసుకొని, అదే నీటిలోకి వదలమని కోరుతున్నాను. టెక్సస్‌లో 1986 నుంచి 13 పౌండ్లు దాటిన బాస్‌లను వేటగాళ్ల నుంచి తీసుకొని, వాటి పిల్లలను తిరిగి సరస్సుల్లో వదులుతున్నారు. మీ చెరువులో రేపు మీ పిల్లల గాలానికి తగిలే చేప, ఈరోజు మీరు వదిలిన దాని పిల్లే కావచ్చు. ఇంటికి వెళ్లే ముందు తెగిన లైను ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకోండి. బాతుల కాళ్లకు, తాబేళ్ల మెడకు చుట్టుకునేది అదే.